వెనక సీటు తలుపు

కార్బైడు వాసన ఎరగనివాళ్ళకి దాని సంగతి చెప్పడం కష్టం. కుళ్ళిన వెల్లుల్లిని సున్నపు తేటలో నానబెట్టి, పైన కాస్త కిరసనాయిలు చిలకరిస్తే ఇంచుమించు అలాగే ఉంటుంది. అప్పట్లో గ్యాసు వెల్డింగ్ చేసేవాళ్ళు ఆ రాళ్ళని ఇనప డ్రమ్ములో నీళ్ళల్లో వేసి గ్యాసు పుట్టించుకునేవాళ్ళు. మా డ్రమ్ము సరిగ్గా మా వంటింటి గోడకి అవతల ఉండేది. పెళ్ళయి విజయవాడ వచ్చిన కొత్తలో నేను కాచిన పప్పుచారు ఆ కంపు కొడితే, పొరపాటు నా వంటలో ఉందనుకుని పారబోసి మళ్ళీ కాచాను. రెండోసారి కూడా అదే కంపు. మా ఆయన మాత్రం అన్నం కలుపుకుని సుబ్బరంగా తిన్నాడు.

"ఏం వాసన?" అన్నాడు నేను ముక్కు మూసుకుంటే.

ఆయనకి నిజంగానే తెలియలేదు. ఆయన చొక్కాలో, జుట్టులో, దిండు గలీబులో, ఆదివారం చర్చికి కట్టుకెళ్ళే తెల్లపంచెలో కూడా అదే ఉండేది. పక్కన కూర్చుని పాట అందుకోవాలంటే గట్టిగా ఊపిరి పీల్చాలి కదా. నేను పెదవులు మాత్రం కదిపేదాన్ని.

మా ఆయన టింకరు. కార్ల ఒంటికి పడిన సొట్టలు తియ్యడం, తుప్పు తిన్న రేకు కోసేసి ఆ స్థానంలో కొత్త రేకు వంచి అతకడం ఆయన పని. బెంజ్ సర్కిల్ దాటితే అప్పటికింకా తుమ్మచెట్లూ మట్టిబాటలే ఎక్కువ. ఆటోనగర్‌లో షెడ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ముందు షెడ్డు, వెనక ఒక గది, ఓ వంటిల్లు. అదీ మా కాపురం. నేను కూచిపూడి అవతల ఒక పల్లెటూళ్ళో మిషన్ బడి మేష్టారి కూతుర్ని. ఎస్సెల్సీ ప్యాసయ్యాను. టైపు నేర్చుకుని ఏదైనా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటానని కలలు కన్నాను. సంబంధం కుదిర్చినప్పుడు నాన్న, "తాగడమ్మా, సొంత షెడ్డుంది" అన్నాడు. రెండూ నిజమే. షెడ్డంటే ఎలా ఉంటుందో నాన్నా చూడలేదు, నేనూ చూడలేదు.

డ్రమ్ము అడుగున మిగిలే తెల్లటి బురదని ఎత్తి పారెయ్యడం నా వంతు. అది చేతికి తగిలితే చర్మం పొడిబారి పగిలేది. ఎక్కడ చూసినా గ్రీజు, పాత ఆయిలు, రంగు గీకిన పొడి. చెప్పులు వదిలి గదిలోకి వస్తే అరికాళ్ళకి ఇనప రజను అంటుకుని పక్కగుడ్డల దాకా వచ్చేది. నాకు అసహ్యం వేసేది. ఏదో చిరాకూ విసుగూ కాదు, నిజమైన అసహ్యమే. కడుపులోంచి వచ్చేది.

ఎమర్జెన్సీ రోజుల్లో ఒక వ్యాను బానెట్ ఊడి ఆయన కుడిచేతి మీద పడింది. బొటనవేలి నరం తెగింది. ఆసుపత్రిలో కుట్లు వేశారు. వేలు నిలిచింది గానీ అందులో పట్టు పోయింది. కంచం పట్టుకోగలడు, వెల్డింగ్ మంట వచ్చే టార్చి పట్టుకోలేడు. కాసేపు పట్టుకుంటే చెయ్యి వణికి మంట పక్కకి జారి, రేకుకి చిల్లు పడేది. ఉన్న పనివాడు అంతకుముందే వేరే షెడ్డుకి వెళ్ళిపోయాడు. కొత్తవాణ్ణి పెట్టుకుందామంటే నిలకడగా ఉండేవాడు దొరకలేదు.

"ఇదిగో, ఈ కడ్డీ కాస్త పట్టుకో" అన్నాడు ఒకరోజు. కడ్డీ అంటే అతుకులో కరిగించే సన్నటి ఇనపతీగ. పట్టుకున్నాను. ఆ తర్వాత టార్చి పట్టుకోమన్నాడు. నల్ల కళ్ళద్దాల్లోంచి చూస్తే ఆ చిన్న నీలి మొన కింద ఇనుము చెమర్చినట్టయి, చుక్కలా కరిగి వణికేది. దాన్ని అలా వణుకుతూ ఉంచి ముందుకు నడపాలి. ఎక్కువసేపు ఆగితే చిల్లు, తొందరపడితే అతుకు పట్టదు. నా చెయ్యి వణకలేదు. ఎందుకు వణకలేదో నాకే తెలియదు.

ఈ మాట చెబితే వినేవాళ్ళు "ఎంత ధైర్యమమ్మా నీకు!" అంటారు. ఇన్నేళ్ళుగా అంటూనే ఉన్నారు. ధైర్యం కాదండీ. పొయ్యి మీద ఎసరు పెట్టాలి కదా, అందుకు చేశాను. ఆ పని నాకు బాగా వచ్చింది, ఆ పనంటే నాకు బొత్తిగా గిట్టలేదు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో అడిగితే చెప్పలేను. ఇమిడాయి, అంతే.

సుత్తి పని కూడా అలాగే పంచుకున్నాం. సొట్టకి లోపలివైపు ఇనప దిమ్మె ఆనించి, బయటనుంచి సుత్తితో కొడితే రేకు చదునవుతుంది. మామూలుగా ఒక్క మనిషి రెండు చేతులతో చేసే పని అది. ఆయన కారు లోపల దూరి ఎడంచేత్తో దిమ్మె పట్టుకుంటే నేను బయట కూర్చుని కొట్టేదాన్ని. దెబ్బ దిమ్మె మీద పడితే గంట కొట్టినట్టు ఖంగుమనేది, తప్పితే బొంగురుగా పలికేది. మాటల అవసరం ఉండేది కాదు. చీర మీద ఆయన పాతచొక్కా తొడుక్కుని, కొంగు బిగించి, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చునేదాన్ని.

పక్క షెడ్ల మగవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళు. అదో సినిమా వాళ్ళకి. "ఏమండోయ్, ఇంట్లో కూర కూడా ఇట్టాగే మాడ్చిద్దా?" అని ఒకడు మా ఆయన్ని అడిగేవాడు. ఇంకొకడు మాట్లాడకుండా నేను వంగినప్పుడల్లా చోటు మారి నిలబడేవాడు. వాడి చూపు కార్బైడు బురదకన్నా జిగటగా ఉండేది. ఒకసారి టార్చి మంట పెద్దది చేసి, ఏదో సర్దుకుంటున్నట్టు వాడివైపు తిప్పాను. గ్లాసు జారవిడిచి పరుగెత్తాడు. మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అలా ఉండగా ఆ కారు వచ్చింది.

లారీ మీద తాళ్ళతో కట్టి తెచ్చారు. దొరల కాలంనాటి కారు. పొడుగాటి ముక్కు, ఏనుగు చెవుల్లాంటి మడ్గార్డులు, ఎక్కడానికి రెండువైపులా మెట్లు. రంగు ఏమిటో ఆనవాలు పట్టలేనట్టు అయిపోయింది. దాని వెనకే వేరే కారులో ఆసామి వచ్చాడు. వయసు అరవై పైమాటే. గంధం వాసన. భుజాన మడత నలగని తువ్వాలు. మా ఆయన కుర్చీ వేస్తే ముందు ఆ తువ్వాలుతో దులిపి, మళ్ళీ దులిపి, అప్పుడు కూర్చున్నాడు.

"మా నాన్నగారి బండయ్యా ఇది. ఆయన పోయాక ధాన్యం కొట్లో పడేశాం. దీన్ని మళ్ళీ రోడ్డు మీదికి తేవాలి. ఇంజను సంగతి వేరేవాళ్ళు చూస్తారు. ఒళ్ళు మాత్రం నువ్వు చెయ్యాలి. మా నాన్నగారు ఎట్టా తిరిగారో నేనూ అట్టా తిరగాలి, నలుగురూ చూడాలి."

మా ఆయన కారు చుట్టూ తిరిగి, తట్టి, గోటితో గీకి, "చేద్దామండి. టైము పడుద్దండి" అన్నాడు. ఆయనకి పాతకార్లంటే పిచ్చి. అప్పటికే కళ్ళు మెరుస్తున్నాయి.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆసామిని గుర్తుపట్టలేదు. కారుని గుర్తుపట్టాను. మా ఊరి పక్కూరి కామందుది అది. నా చిన్నప్పుడు కాలవగట్టు మీద అది వస్తుంటే దాని హారను వినపడగానే మా పేటవాళ్ళం గట్టు దిగి నిలబడేవాళ్ళం. దిగమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, కారు అనేది ఇనుమే కదా అనుకున్నాను.

మర్నాడు విప్పడం మొదలుపెట్టాం. సీట్లు లేపితే కొబ్బరిపీచులో ఎలకలు పిల్లల్ని పెట్టి ఉన్నాయి, గులాబీ రంగులో, కళ్ళు తెరవనివి. వాటి తల్లి నా చేతి మీదుగా దూకి పోయింది. కింద ఊకా, కోడిరెట్టా, పాము కుబుసం. నేల రేకు అనేది పేరుకే ఉంది. కాలు పెడితే అప్పడంలా విరిగింది. ఆ ఎలక ఉచ్చ వాసన ఎండకి లేచి కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని పారతో ఎత్తిపోశాను.

వెనక సీటు ఎడంవైపు తలుపు దగ్గరికి వచ్చేసరికి అది మిగతా తలుపులకన్నా బరువుగా అనిపించింది. లోపలి అట్ట ఊడదీశాను. కింద అంచున, అద్దం దిగే గాడిలోంచి కారి పేరుకున్న ఏదో ఎర్రటి గార. గట్టిపడి, పొరలు పొరలుగా, కొన్నిచోట్ల నల్లగా, కొన్నిచోట్ల ఇంకా ఎర్రగా. మట్టేమో అనుకుని స్క్రూడ్రైవరుతో పెళ్ళగించాను. పెళ్ళ ఊడి నా ఒళ్ళో పడింది. నా చేతి చెమట తగలగానే వాసన లేచింది. వక్క, సున్నం, పొగాకు.

ఉమ్మి. ఏళ్ళతరబడి ఆ కిటికీలోంచి ఉమ్మిన తాంబూలం. బయటపడినంత పడగా, గాలికి వెనక్కి తిరిగినది అద్దం సందులోంచి తలుపు కడుపులోకి దిగి, అక్కడే ఎండి, అక్కడే రేకుని తినేసింది.

నేను షెడ్డు వెనక్కి పరుగెత్తి కక్కుకున్నాను.

మా ఆయన వచ్చి వీపు నిమిరాడు. "ఏమయింది? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. అప్పుడు చెప్పాను. నాకు ఏడెనిమిదేళ్ళ వయసప్పుడు వానాకాలం ఒక పొద్దున నాన్న చెయ్యి పట్టుకుని బడికి వెళుతున్నాను. హారను వినపడింది. నాన్న గొడుగు ముడిచి, నన్ను లాక్కుని గట్టు దిగి బురదలో నిలబడ్డాడు. కారు నెమ్మదిగానే వెళ్ళింది. వెనక కిటికీలోంచి ఒక పెద్దాయన తల బయటికి పెట్టి ఉమ్మాడు. మమ్మల్ని చూసి ఉమ్మాడని అనలేను. చూడలేదనీ అనలేను. నాన్న పంచె మీద మోకాలి దగ్గర ఎర్రటి చారికలు పడ్డాయి. నాన్న కాలవలో దిగి ఆ కాస్తమేరా జాడించి, పిండి, "ఎండిపోద్దిలే" అన్నాడు. తడి పంచెతోనే బడికెళ్ళి పాఠం చెప్పాడు. గులాబీ రంగు మరక మాత్రం ఆ పంచె చిరిగేదాకా పోలేదు.

మా ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత, "ఈ మాట నిన్ననే చెప్పాల్సింది" అన్నాడు.

"చెబితే ఏం చేసేవాళ్ళు?"

"లారీ మీదనుంచి దించకుండా పంపించేసేవాణ్ణి."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకుని నేలమీద ఉన్న మడ్గార్డు వైపు చూశాడు.

"లేదులే. పంపించేవాణ్ణి కాదు" అన్నాడు.

అబద్ధం చెప్పనందుకు ఆయన మీద నాకు కోపం రాలేదు. తలుపు మీద మాత్రం వచ్చింది. రేకు కత్తెర తీసుకుని తలుపు అడుగుభాగం జానెడు మేర మొత్తం కత్తిరించి తీసేశాను. ఆ ముక్కని తుక్కులో వెయ్యనివ్వకుండా నేనే తీసుకెళ్ళి మురుక్కాలవలో పడేశాను. చేతులు సబ్బుతో, తర్వాత బూడిదతో, తర్వాత కిరసనాయిలుతో కడుక్కున్నాను. ఆ పూట అన్నం తినలేకపోయాను.

కొత్త రేకు కోశాం. ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో కొడుతూ వంపు తెచ్చాను. తలుపు కింది అంచు చూడ్డానికి సాదాగా ఉంటుంది గానీ రెండు వైపులకి ఒకేసారి వంగుతుంది, పొట్టలా. వంచడం, పెట్టి చూడ్డం, తియ్యడం, మళ్ళీ వంచడం. మెడలు పడిపోయేవి. అతికేటప్పుడు ముందు దూరదూరంగా చుక్కలు పెట్టి, తర్వాత ఆ చుక్కల మధ్య కొంచెం కొంచెం కలుపుకుంటూ రావాలి. ఒక్కచోటే వేడి పెడితే రేకు అప్పడంలా పొంగుతుంది. కాస్త కాల్చగానే మా ఆయన తడిగుడ్డ నొక్కేవాడు. సుయ్‌మని ఆవిరి లేచేది. ఆ ఆవిరిలో పాతరేకులో దాగిన తుప్పూ, రంగూ, ఎలక ఉచ్చా, అన్నీ కలిసి ముక్కులోకి వచ్చేవి. చెమట కళ్ళద్దాల్లోకి కారేది. నిప్పురవ్వలు పడి మెడ కింద బొబ్బలు. రాత్రి దగ్గితే గళ్ళ నల్లగా వచ్చేది.

అయినా ఆ తలుపు బాగా వచ్చింది. అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి జార్చితే ఎక్కడా తట్టుకోలేదు. పాతరేకు ఎక్కడ ఆగిందో, కొత్తరేకు ఎక్కడ మొదలైందో కళ్ళు మూసుకుంటే తెలిసేది కాదు. మా ఆయన మాటిమాటికీ తలుపు తీసి వేస్తూ చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. తలుపు తర్వాత రెండు వెనక మడ్గార్డులు, వెనక సీటు కింద నేల, ఒక మెట్టు. అన్నీ అలాగే చేశాం. బానెట్, పైకప్పు, మిగతా తలుపులు పాతవే, గట్టిగా ఉన్నాయని రంగు గీకి వదిలేశాం. ఎర్ర ప్రైమరు కొట్టడానికి ముందు కారంతా ఉత్త ఇనుము రంగులో, చేప పొలుసులా తళతళలాడుతూ నిలబడింది.

ఆసామి అప్పుడప్పుడూ వచ్చి, కుర్చీ దులుపుకుని కూర్చుని, మా ఆయనతో మాట్లాడి వెళ్ళేవాడు. ఆయన కారు మా వీధి మలుపులో కనపడగానే నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు మాత్రం చెప్పకుండా వచ్చాడు. నేను మెట్టుకి చివరి అతుకు వేస్తున్నాను. తల ఎత్తేసరికి ఎదురుగా ఉన్నాడు. ఆయన చెయ్యి వెనక తలుపు మీద ఆనించి ఉంది.

"ఏమయ్యా, ఎవరీ అమ్మాయి?"

"నా భార్యండి" అన్నాడు మా ఆయన కారు లోపలినుంచి బయటికి వస్తూ.

"భలే! మొగాడిలాగా కాలుస్తోందే. ఇదంతా ఈ అమ్మాయి చేసిందేనా?"

"తలుపూ మడ్గార్డులూ మెట్టూ వెనక నేలరేకూ తనేనండి. నా చెయ్యి పడిపోయిందండి."

"బాగుంది, బాగుంది. సర్కసులో కూడా చూళ్ళేదు ఇట్టాంటిది." నావైపు తిరిగాడు. "ఏ ఊరు అమ్మాయ్ నీది?"

ఊరిపేరు చెప్పాను.

"అరె, మా పక్కూరే! ఎవరి పిల్లవి?"

"మిషన్ బడి మేష్టారి కూతుర్నండి."

"మిషన్ బడి..." అన్నాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ వెనక ఏదో దీపం ఆరినట్టయింది. "ఓహో. పేటలోనా."

"అవునండి."

చెయ్యి తలుపు మీదనుంచి తీశాడు. భుజం మీద తువ్వాలు తీసి ఆ చెయ్యి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తర్వాత వాతావరణం గురించి ఏదో అని వెళ్ళిపోయాడు.

కొద్దిరోజుల తర్వాత పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన డ్రైవరు డిక్కీలోంచి ఇత్తడి బిందెలు దించాడు. డ్రైవరు ముసలాయన, నెమ్మదస్తుడు. బిందెల్లో నీళ్ళు. ఆసామి ఒక చెంబులో పసుపు కలిపి, మామిడాకు వేసి పట్టుకున్నాడు.

"రంగు పడేముందు బండికి శాంతి చెయ్యాలయ్యా" అన్నాడు మా ఆయనతో.

"రంగు పడ్డాక చెయ్యండయ్యా. ఇప్పుడు ఉత్త రేకండి. నీళ్ళు పడితే తుప్పు పట్టుద్దండి."

"కృష్ణ నీళ్ళయ్యా ఇవి. ఘాట్ నుంచి పట్టించుకొచ్చా. తుప్పేంటి?" అని డ్రైవరు వైపు తిరిగాడు. "పొయ్యి. ముందు ఆ తలుపు."

డ్రైవరు బిందె ఎత్తి తలుపు మీద పోశాడు. ఆసామి పసుపునీళ్ళు చిలకరించాడు.

"ఇప్పుడు ఆ మడ్గార్డు. అటువైపుది కూడా. ఆ మెట్టు. వెనక సీటు కింద అతికారే, ఆ ముక్క."

నేను గుమ్మంలోనే ఉన్నాను. బానెట్ మీద ఒక్క చుక్క పోయలేదు. పైకప్పు మీద పోయలేదు. మిగతా తలుపుల జోలికి వెళ్ళలేదు. నేను చేసినవి మాత్రం కడిగించాడు. ఏవేవి నేను చేశానో మా ఆయన నోటితోనే విన్నాడు కదా, చక్కగా గుర్తుపెట్టుకున్నాడు. డ్రైవరు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. నీళ్ళు అతుకుల సందుల్లోకి దిగి, కిందనుంచి పచ్చగా కారుతున్నాయి.

అంతవరకూ ఎలకలకీ, రెట్టకీ, ఎండిన ఉమ్మికీ నాకు వచ్చిన వికారం ఒళ్ళు పుట్టించినది. ఇది వేరే. కక్కుకున్నా పోదు. అరవాలనిపించలేదు, ఏడవాలనిపించలేదు. ఆ మనిషి గంధం వాసనకి దూరంగా జరగాలనిపించింది, అంతే.

"దానంతట అదే ఆరనివ్వండి. రేపొస్తా. ఈలోపు ఎవరూ ముట్టుకోవద్దు" అని వెళ్ళిపోయాడు.

మా ఆయన పొడిగుడ్డ తీసుకుని కారు వైపు వెళ్ళాడు. "ముట్టుకోవద్దన్నారుగా" అన్నాను. ఆయన ఆగి నావైపు చూశాడు. అప్పటిదాకా ఆయనకి అర్థం కాలేదని కాదు. అర్థమైనట్టు ఒప్పుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాడు. గుడ్డ కిందపడేసి, వెళ్ళి డ్రమ్ము పక్కన కూర్చున్నాడు. ఆ రోజంతా ఇద్దరం ఆ కారు దగ్గరికి పోలేదు.

మన గాలిలో ఉన్న తేమకి, నీళ్ళు పడిన ఉత్త ఇనుము ఎంతసేపు ఆగుతుంది? తెల్లారేసరికి తలుపు మీద, మడ్గార్డుల మీద నారింజరంగు బూజు పట్టినట్టు తుప్పు లేచింది. నీళ్ళు జారిన చారలు చారలుగానే కనిపిస్తున్నాయి. కడగని బానెట్ మాత్రం తళతళలాడుతోంది.

ఆసామి వచ్చి చూసి నోరు తెరిచాడు. "ఇదేమిటయ్యా? ఏం పనయ్యా నీది!"

"తుప్పండి. నిన్ననే చెప్పానండి."

"అయితే తియ్యి."

"గరుకు కాగితం పెట్టి రుద్దితే పోద్దండి" అన్నాను నేను గుమ్మం దిగి వస్తూ. "కానీ రుద్దాల్సింది నేనేనండి. రుద్దాక మళ్ళీ కడిగిస్తారా?"

డ్రైవరు దగ్గాడు. ఆసామి నావైపు చూడలేదు. నా మాట వినపడనట్టే మా ఆయనతో, "నువ్వు రుద్దయ్యా" అన్నాడు.

మా ఆయన మెత్తని మనిషి. ఆసాములతో ఎదురు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఏం అంటాడోనని ఆయన ముఖం వైపే చూశాను. "సరేనండి" అంటే నేను ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళగలిగేదాన్నో లేదో నాకే తెలియదు.

ఆయన కుడిచెయ్యి ముందుకి చాపి, ముడుచుకోని ఆ బొటనవేలు చూపించాడు.

"ఇది పని చెయ్యదండి. ఈ షెడ్డులో పనిచేసే చెయ్యి ఆవిడదేనండి. ఇష్టమైతే ఉంచండి. లేకపోతే లారీ పిలిపించుకోండి."

గొంతు పెంచలేదు. "అండి" కూడా మానలేదు. ఆసామి కారు ఎక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి లారీ వచ్చింది. తాళ్ళు కట్టించడానికి డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. కట్టడం అయ్యాక నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "తలుపు బ్రహ్మాండంగా పడుతోందమ్మా. చప్పుడే లేదు" అన్నాడు.

మంచివాడే. ఆ మంచితనం కూడా నాకు ఆ పూట మింగుడు పడలేదు. మంచినీళ్ళు తాగుతారా అని అడిగాను. తాగాడు. గ్లాసు పైకెత్తి కాదు, పెదవి ఆనించే తాగాడు. అది చూసి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ కారు ఎక్కడికీ దూరం పోలేదు. మా వీధి చివర ఇంకో షెడ్డుకి వెళ్ళింది. అక్కడి టింకరు గుడివాడ వైపువాడు, మాతోపాటు అదే చర్చికి వచ్చేవాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఆయన్ని పక్కకి పిలిచి, "నన్ను ఊరు అడగలేదు బావా. నేనూ చెప్పలేదు" అని కిసుక్కున నవ్వాడు. తుప్పు తియ్యడానికి ఓపిక లేక దానిమీదే మందంగా లప్పం పూసి, నున్నగా రుద్ది, మీగడరంగు కొట్టి పంపించేశానని చెప్పాడు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు అది కూడా రోతగానే అనిపించింది. లోపల తుప్పు తింటూ ఉంటుంది, పైన మెరుస్తూ ఉంటుంది. నవ్వడానికి ఏముంది?

క్రిస్మస్‌కి ఊరికి వెళ్ళినప్పుడు నాన్నకి చెప్పాను. సంతోషిస్తాడనో, కనీసం నా తల నిమురుతాడనో అనుకున్నాను. నాన్న ముఖం పాలిపోయింది. "ఊరిపేరు ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు. "రేపు కాలవగట్టు మీద ఆయన కనపడితే నేనేం చెప్పాలి?" వీధితలుపు వేసి ఉందో లేదో చూసి వచ్చి కూర్చున్నాడు. నాన్న మీద నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. ఆ పూట ఆయన పక్కన కూర్చుని తినలేదు. తర్వాత జాలి కలిగింది, చాలా ఏళ్ళకి.

ఏమీ జరగలేదు. ఆసామి ఎవరినీ ఏమీ అనలేదని తర్వాత తెలిసింది. బహుశా మా మాట ఎత్తడం కూడా ఆయనకి అంటుగానే తోచి ఉంటుంది.

ఊరినుంచి తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు ఒక వ్యాను నిలబడి ఉంది. బందరునుంచి చేపలు తోలే వ్యాను. మంచు కరిగిన నీళ్ళు కారి కారి దాని నేలంతా జల్లెడైపోయింది. ఈగలు నల్లటి దుప్పటి కప్పినట్టు మూగి ఉన్నాయి. వెనక తలుపులు తీస్తే పొలుసులూ, మొప్పలూ, ఎండిన నెత్తురూ. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"వద్దంటే చెప్పు" అన్నాడు మా ఆయన. "నిజంగానే పంపించేస్తా."

నేను సంచి గదిలో పెట్టి, ఆయన పాతచొక్కా తొడుక్కున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుంటూ, "ముందు మీరు రెండు బకెట్లు నీళ్ళు కొట్టండి. ఈ కంపులో నేను కూర్చోను" అన్నాను.

ఆయన బకెట్లు తేవడానికి వెళ్ళాడు. నేను పార తీసుకున్నాను.